ముట్టినయా?

కామారెడ్డిలో రైలు దిగి ఎల్లారెడ్డి బస్సెక్కండి. కాగితాల సంచి ఒళ్ళో పెట్టుకున్న మనిషి ఒకరైనా కనిపించకపోరు. "పైసలు ముట్టినయా?" అని పక్కావిడ అడుగుతుంది. మా వైపు అదీ ఒక పలకరింపే. పెద్ద చదువుల పరిశోధకులకు ఈ ప్రశ్న తట్టడానికి మాత్రం ఏళ్ళూ పూళ్ళూ పట్టింది.

1998 నవంబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. ఆ పథకం పేరు ‘కార్డ్’. మొదటి విడతలోనే 214 ఆఫీసులు! రోజుల తరబడి తిరిగే పని గంటలో తెమిలిపోతుందన్నారు. పేద దేశాలకు కంప్యూటర్ ఏం మేలు చేస్తుందా అని ప్రపంచమంతా తర్కిస్తున్న రోజులవి. మన కార్డ్ పేరు విదేశీ నివేదికల దాకా ఎక్కింది. పొగిడినవాళ్ళు ఎక్కువగా చూసింది యంత్రాన్నే లెండి. జోనథన్ కేస్లీ అనే పరిశోధకుడు ఆ మెరుగు వెనక్కి తొంగిచూసి, దస్తావేజులు రాసేవాళ్ళ చేతుల మీదుగా మామూళ్ళు నడుస్తూనే వున్నాయని 2004లో రాశారు. మా చిన్నమ్మను అడిగివుంటే అంతకుముందే చెప్పేది. కొత్త కంప్యూటర్ని కళ్ళారా చూసి, పాత రేటే యిచ్చుకుని వచ్చింది. ఏ ఊళ్ళో అన్నది మాత్రం నేను చెప్పను.

తర్వాత్తర్వాత పరిశోధన తీరు మారింది. కార్తీక్ మురళీధరన్, మరిద్దరు ఆర్థికవేత్తలు ఉపాధి కూలీనీ పింఛన్లనూ వేలిముద్రల స్మార్ట్ కార్డులతో యిచ్చే పద్ధతిని పరీక్షించారు. చీటీలు తీసినట్టుగా కొన్ని మండలాల్లో ముందు పెట్టించి, తక్కినవాటితో పోల్చారు. ఉపాధి సొమ్ములో దారిలోనే కారిపోయేది 41 శాతం తగ్గిందని 2016లో ప్రకటించారు.

2018 నాటి కథ యింకా చిత్రం. తెలంగాణలో రైతుబంధు చెక్కులు పంచారు. 57 లక్షల మంది రైతులు. కొన్నిచోట్ల అధికారులకు ముందే ఒక మాట చెప్పారు, ‘మీ రైతులకు ఫోన్ చేసి అడుగుతాం’ అని. అంతే! అక్కడ డబ్బు అందనివాళ్ళ సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా చేరిన ప్రతి నూరు రూపాయలకూ అయిన ఖర్చు నాలుగు రూపాయలు కూడా లేదు.

ఈ సంగతంతా ఉత్సాహంగా చెబితే చిన్నమ్మ బియ్యం ఏరడం ఆపలేదు.

"పట్టా నా పేర ఉన్నది బిడ్డా. ఫోను పిలగాని జేబుల ఉంటది. ముట్టినయా అని వాన్నడిగితే, నాకు ముట్టినట్టా?"