కొండ దిగిన సైకిలు

ఉప్పల్, నాచారం అపార్టుమెంట్లలో మెట్ల కింద చూడండి, లావు టైర్ల గేరు సైకిలు ఒకటైనా ఉంటుంది. పేరుకి కొండల సైకిలు! పక్కనే మౌలాలీ గుట్ట ఉన్నా అటు చూడదు, పాపం. ట్యూషనుకీ పాలపాకెట్టుకీ అంకితం.

దాని పుట్టిల్లు కాలిఫోర్నియా. అక్కడ తమాల్‌పైస్ కొండ దగ్గర 1976లో కుర్రకారు దిగుడు పందేలు మొదలుపెట్టారు. సైకిళ్ళా, 1930ల నాటి పాత సామాను. వెనక్కి తొక్కితే పడే బ్రేకు. కిందికి చేరేసరికి అందులో గ్రీజంతా కాలి పొగలైపోయేది, మళ్ళీ కూరాల్సిందే. అందుకే ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరు పడింది. 1977లో జో బ్రీజ్ ఈ పనికోసమే కొత్త ఫ్రేము తయారుచేశాడు. 1981లో స్టంప్‌జంపర్ వచ్చాక బజార్లో దొరకసాగింది.

మగపిల్లల గోలేగా అనుకుంటాం. ఆ గుంపులో వెండీ క్రాగ్ అనే ఆవిడా ఉంది. సైకిలూ తొక్కింది, ఫొటోలూ తీసింది. ఆ రోజులు ఇవాళ మన కంటికి కనిపిస్తున్నాయంటే చాలావరకు ఆవిడ చలవే. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో కొండల సైకిలు పందెం చేరింది, ఆడవాళ్ళకీ పెట్టారు. ఇటలీ అమ్మాయి పావొలా పెట్జో బంగారు పతకం పట్టుకుపోయింది.

మనింట్లో అమ్మాయి గేరు సైకిలు అడిగితే మాత్రం, "నీకెందుకే, అన్నయ్యది తొక్కు" అంటాం. అన్నయ్య ఇస్తేగా!