నసీబు కాదు, హక్కు – గాయపడిన కార్మికుల దావాల చరిత్ర

మన గుణదలకు దగ్గరలోని ఆటోనగర్‌లో వెల్డర్లు, మెకానిక్‌లు, లారీ బాడీలు కట్టేవారు, పెయింటర్లు, డ్రైవర్లు, క్లీనర్లు పొట్టపోసుకుంటున్నారు. మన కుటుంబాల్లో చాలామందికి అన్నం పెట్టేది ఇలాంటి పనులే. ప్రమాదం జరిగితే "మన నసీబు ఇంతే" అని ఊరుకోవడం మనలో పాత అలవాటు. ఊరుకోకుండా దావా వేసి గెలిచిన కార్మికుల చరిత్ర మనం తెలుసుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. వకీలు, దావా, హక్కు అనే మాటలు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నవే. వాటిని వాడుకోవడమే తక్కువ.

కార్మికుల నష్టపరిహార చట్టం 1923లో వచ్చింది, 1924 జూలై 1 నుండి అమలైంది. గుణదల కొండపై మేరీమాత విగ్రహం నెలకొన్నదీ 1924లోనే. అంతకుముందు తప్పు యజమానిదేనని కార్మికుడే రుజువు చేయాల్సి వచ్చేది. కొత్త చట్టం ఆ బరువు దించింది. పనిలో ఉండగా, పని కారణంగా దెబ్బ తగిలిందని చూపితే చాలు. విచారణ చేసేది కమిషనరు. ఏ అవయవం పోతే సంపాదన శక్తి ఎంత పోయినట్టో చట్టంలో పట్టిక కూడా ఉండేది. ఉదాహరణకు బొటనవేలు పోతే 30 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లు పోతే 50 శాతం.

అయితే పట్టికే సర్వస్వం కాదని సుప్రీంకోర్టు 1975లో తేల్చింది. ఒరిస్సాలో ఒక సినిమా హాలు పనిలో ఉన్న వడ్రంగి కిందపడ్డాడు. ఎడమచేయి మోచేతి పైన తీసేయాల్సి వచ్చింది. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు గనుక నష్టం నూటికి నూరు అన్నది కోర్టు. పరిహారం బాకీ పడేది ప్రమాదం జరిగిన రోజునుంచే గాని, కమిషనరు తీర్పు ఇచ్చిన రోజునుంచి కాదనీ చెప్పింది. ఆ మాట తరువాత ఎన్నో కేసులకు ఆధారమైంది.

1995 సవరణతో, నెలలోపు చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆపితే సగం వరకు జరిమానా వచ్చాయి. బీమా ఉన్న వాహనాల కేసుల్లో పరిహారం, వడ్డీ బీమా కంపెనీదేననీ, జరిమానా మాత్రం యజమానిదేననీ సుప్రీంకోర్టు 1997లో తీర్పు ఇచ్చింది. లారీ డ్రైవర్ల ఇళ్లకు ఇది పెద్ద ఊరట.

మహారాష్ట్రలో చక్కెర మిల్లు వాచ్‌మన్ 2003లో డ్యూటీకి వెళుతూ, మిల్లు ఇంకా 5 కిలోమీటర్లు ఉందనగా ప్రమాదంలో మరణించాడు. కమిషనరు 3,26,140 రూపాయలు ఇప్పించగా హైకోర్టు కొట్టేసింది. ఆ కుటుంబం పట్టు విడవలేదు. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆ పరిహారాన్ని నిలబెట్టింది. ఇరవై రెండేళ్లు! గెలుపు గొప్పదే గాని, ఆ ఇల్లు అన్నేళ్లు ఎలా గడిచిందో ఆలోచించండి.

2025 నవంబరు 21 నుండి పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి వచ్చింది. పనికి వెళ్లివచ్చే దారిలో జరిగే ప్రమాదాన్ని, పనితో సంబంధం ఉంటే, అందులో స్పష్టంగా చేర్చారు.

చట్టాలు మారినా దావాకు బలం కాగితమే. జీతం చీటీ, ఆసుపత్రి కాగితాలు, పోలీసు రిపోర్టు దాచుకోండి. ఎవరో కొంత డబ్బు చేతిలో పెట్టి వేలిముద్ర అడిగితే, ముందు కార్మికశాఖ ఆఫీసుకో వకీలు దగ్గరికో వెళ్లండి. ఆలస్యం చేయకండి, గడువు దాటితే హక్కు ఉన్నా చిక్కే. చదువుకుంటున్న మన పిల్లలారా, అబ్బాజాన్ పేర అర్జీ రాసిపెట్టే పని మీది. మీ చదువుకు అంతకంటే మంచి ఉపయోగం ఏముంది?