అరికమేడు - మిట్ట చెప్పే చరిత్ర

పుదుచ్చేరి అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేవి బీచ్ రోడ్డు, ఆశ్రమం, ఫ్రెంచి వీధులు. కానీ టౌనుకు దక్షిణంగా సుమారు 4 కిలోమీటర్ల దూరంలో, అరియాంకుప్పం ఏటి ఒడ్డున, మామిడి, కొబ్బరి చెట్ల నీడలో ఒక మిట్ట ఉంది. దాని పేరు అరికమేడు. రిటైరై ఇక్కడ స్థిరపడ్డాక నేను ఎన్నోసార్లు వెళ్ళి చూశాను. దాని చరిత్ర మన ఫౌజీలు తప్పక తెలుసుకోదగ్గది.

ముందు పేరు సంగతి. తమిళంలో 'మేడు' అంటే మన మిట్టే. మొదటి భాగానికి రెండు అర్థాలు చెబుతారు. ఏరు కోసేసిన మిట్ట అని కొందరు, 'అరుగన్' అంటే బుద్ధుడు గనుక బుద్ధుడి మిట్ట అని మరికొందరు. గ్రౌండ్ చూసినవాడిగా నాకు మొదటిదే సబబనిపిస్తుంది. ఏరు అక్కడ ఒడ్డును ఒరుసుకుంటూ పోతుంది. సముద్రపు అలల పోటు తగలని చోటు, పక్కనే ఎత్తైన నేల. పడవలు నిలపడానికి అంతకన్నా ఏం కావాలి? క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికుల గ్రంథంలోని 'పొదుకే' రేవు ఇదేనని చాలామంది చరిత్రకారులంటారు.

1937లో ఫ్రెంచి ప్రొఫెసర్ జూవో-దుబ్రోయ్‌కి ఇక్కడ దొరికిన ఒక చెక్కడపు రాయి చేతికొచ్చింది. దాని మీది తల రోమ్ చక్రవర్తి అగస్టస్‌దని ఆయన గుర్తుపట్టారు. తర్వాత వచ్చినాయన మన కోవకు చెందినవాడే, బ్రిగేడియర్ మార్టిమర్ వీలర్. మొదటి ప్రపంచ యుద్ధంలో మిలిటరీ క్రాస్ పొంది, రెండో యుద్ధంలో ఎల్ అలమీన్, సలెర్నోలలో పోరాడి, 1944లో భారత పురావస్తు శాఖ అధిపతిగా వచ్చారు. మద్రాసు మ్యూజియంలో ఒక రోమన్ జాడీ ముక్క కంటబడగానే ఆనవాలు పట్టుకుని పుదుచ్చేరి చేరారు. 1945లో, ఇది ఇంకా ఫ్రెంచివారి చేతిలో ఉండగానే, ఇక్కడ ట్రెంచీలు తవ్వించారు. మనం ట్రెంచి తవ్వేది ప్రాణం కాపాడుకోవడానికి, ఆయన తవ్వించింది కాలాన్ని లెక్కపెట్టడానికి. ఇటలీ ఎర్రమట్టి పాత్రలు, ద్రాక్షసారా జాడీల ముక్కలు, గిడ్డంగి గోడలు, పూసలు బయటపడ్డాయి.

ఇందులో తెలుగువారికీ భాగముంది. ఇక్కడ తేదీ తేలిన చక్రాల గీతల పాత్రలాంటివే అమరావతి, శాలిహుండంలలో దొరికాయి. 1947లో బ్రహ్మగిరిలో శాతవాహనుల నాటి పొరల కాలం కట్టడానికి వీలర్‌కు అవే ఆధారం. అంటే మన శాతవాహనుల గడియారానికి ముల్లు ఈ మిట్ట మీద దొరికిందన్నమాట. 1989-92లో విమలా బెగ్లే బృందం మళ్ళీ తవ్వి, వీలర్ అనుకున్నదానికన్నా ముందే ఇక్కడ ఊరుందని తేల్చింది.

వానలు పడితే ఇప్పటికీ పూసలు పైకి తేలతాయి. సోదరులకు నా మనవి ఒక్కటే. పిల్లలను తీసుకెళ్ళి చూపించండి, కానీ ఒక్క పూస కూడా జేబులో వేసుకోనివ్వకండి. ఏ పొరలోంచి వచ్చిందో తెలియని పూస వట్టి గాజుముక్క. ఏరు కోసుకుపోయేది ఎలాగూ ఉంది. మన చేతులు దానికి తోడవకూడదు.