నానా కిస్బత్‌లోని సిల్లీ

బుక్కరాయసముద్రంలో మా నానా హజామత్ చేసేవాడు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. రిష్తాలు మాట్లాడేటప్పుడు ఎవరైనా అడిగితే అమ్మీ "సేద్యం" అనేది. చెరువు కింద మాకు సెంటు భూమి లేదు. 2007 నాటి బీసీ-ఈ జాబితాలో హజామ్, నాయి ముస్లిం అని స్పష్టంగానే ఉంది. షేక్ కూడా ఉంది కాబట్టి మా మామూ షేక్ పేరుతోనే సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. పని జరిగిపోయింది, పేషా మాత్రం కాయితం మీద లేకుండా పోయింది. మా పేటలో సగం మందికి ఖత్నా చేసింది నానా చేయే. దావత్‌లో ఆయనకు చోటు మాత్రం ఆఖరి దస్తర్‌ఖాన్ మీద.

ఆయన ఇంతెఖాల్ తర్వాత కిస్బత్‌లోని (తెలుగువాళ్ల మంగలి పొది) ఉస్త్రాలు, కత్తెరలు పాత ఇనుప సామాన్లవాడికి పోయాయి. తోలు చమోటా ఎలుకలపాలు. మిగిలింది సిల్లీ ఒక్కటే. నానీ దాన్ని వంటింట్లో కూరగాయల కత్తికి పెట్టుకుంది. మొన్న రంజాన్‌లో మసి కడిగి చూశాను. ఒక పక్క లేత పసుపు, ఇంకో పక్క నీలి నలుపు.

మన తెలుగు 'సాన', ఉర్దూ 'సాన్' రెండూ ఒకే సంస్కృత మాట నుంచి వచ్చినవి. ఉర్దూ షాయర్లు ఫారసీ నుంచి తెచ్చుకున్న 'ఫసాన్' అంటారు. ఇంగ్లీషువాళ్ల 'కొరండం' కూడా మన కురువిందమే. అది మా అనంతపురం నేలలోనూ దొరుకుతుంది. ఆ పొడిని లక్కలో కలిపి చేసిన సాన చక్రాల మీదే సైకల్‌గర్లు తలవార్లు పదును పెట్టేవాళ్లు. గడ్డం గీసే కత్తికి ఆ గరుకు పనికిరాదు. ఆఖరి పదునుకు ఇంకా సన్న రాయి కావాలి.

నానా రాయి అలాంటిదే, విలాయతీది. బెల్జియంలో వియల్‌సామ్ చుట్టుపక్కల గనుల్లో తీసే కోటిక్యూల్. అందులో కంటికి ఆనని గార్నెట్ గింజలుంటాయి, ఉక్కును అరగదీసేవి అవే. పసుపు పొర పలచన కనుక వెనక నీలిరాయి ఉంటుంది. రెండూ భూమిలోనే కలిసి పుట్టి ఉంటే అతుకు కాస్త వంకరటింకరగా పోతుంది, జిగురుతో అంటిస్తే గీత గీసినట్టు ఉంటుంది. నీళ్లు వేసి రుద్దితే పసుపు వైపు పాలలాంటి తెల్లటి నురుసు వస్తుంది, నీలివైపు ఊదారంగు తిరుగుతుంది. ఈ పరీక్ష తెలియకముందే నేనొక 'పాత విలాయతీ సిల్లీ'ని వేలు పోసి కొన్నాను. రుద్దితే బూడిదరంగు నీళ్లు! రెండు పక్కలా ఒకే రంగు, ఒకే గరుకు. కార్బొరండం, 1891లో అమెరికాలో కొలిమిలో పుట్టిన రాయి. చెడ్డదేం కాదు, నేనిచ్చిన ధర మాత్రం చెడ్డది.

కొనేవాళ్లు లేబుల్ కంటే ముందు గోరు చూసుకోవాలి. తడిరాయి మీద గోరు నడిపితే పగులు తెలుస్తుంది. తర్వాత స్కేలు అడ్డంగా ఆనించి వెలుతురుకు పట్టాలి. ఉస్త్రా వెన్నూ అంచూ రెండూ ఒకేసారి రాతికి ఆనాలి కదా, గుంట పడితే పదును ఒక్కతీరుగా రాదు.

నానా సిల్లీకి స్కేలు పెట్టి చూశాను. నీలివైపు గుంట, అది నానీ కత్తిది. పసుపు వైపు స్కేలు కింద వెలుతురు సన్నగీతైనా దూరలేదు. ఎలా ఉంచాడని నానీని అడిగాను.

"ఇంటి ముందు బండ మీద ఇసక చల్లి, నీళ్లు పోసి రుద్దేవాడు బేటా," అంది. "ప్రతి జుమ్మేరాత్. జుమ్మా రోజు గిరాకీ ఎక్కువ గదా."

ఆ బండ ఇంకా అక్కడే ఉంది. మామూ దాని మీద బైకు నిలుపుతాడు.