అమరావతి రాళ్ళు ఎవరివి?

మా కద్మాలో నలుగురు తెలుగువాళ్ళు కూడినప్పుడు ఆమధ్య మాట అమరావతి స్తూపం మీదికి పోయింది. "తెల్లవాళ్ళు స్తూపాన్ని పడగొట్టి లండన్ ఎత్తుకుపోయారు" అన్నాడొకాయన. "వాళ్ళు పట్టుకుపోబట్టే మిగిలాయి, లేకపోతే మనవాళ్ళు కాల్చి సున్నం చేసేవాళ్ళు" అన్నాడు ఇంకొకాయన. ఇద్దరూ గట్టిగానే అన్నారు గానీ రుజువు మాత్రం ఎవరూ చూపలేదు. దేవుడి విషయంలో రుజువు అడిగే మనం దేశం విషయంలోనూ అడగాలి కదా.

మొదటి మాట చూద్దాం. స్తూపం ఉన్న మట్టిగుట్టను ఊరివాళ్ళు దీపాలదిన్నె అనేవారు. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తూ, ఇటుకల కోసం, రాళ్ళ కోసం ఆ దిన్నెను తవ్వించాడు. అది విని కల్నల్ కాలిన్ మెకంజీ చూడటానికి వచ్చాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిన్నె నడుమ చెరువుగా తవ్వి ఉంది. చెక్కిన పలకలు కొన్ని కట్టడాల్లో కలిసిపోయాయి, కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. కాబట్టి పడగొట్టడం మనవాళ్ళతోనే మొదలైంది.

ఇక రెండోమాట. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలను మద్రాసు పంపారు. అక్కడ అవి ఏళ్ళ తరబడి ఎండకు ఎండి వానకు తడిశాయి. 1859లో 121 శిల్పాలను లండన్‌కు ఓడెక్కించారు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియం చేతికి వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో దాచినవి, 1992లో ప్రత్యేక గది తెరిచేదాకా చాలాకాలం నేలమాళిగలోనే ఉన్నాయి. ఈలోగా 1880లో మద్రాసు గవర్నర్ ఆజ్ఞతో మిగిలిన దిన్నెనంతా తవ్విపోశారు. మరుసటి ఏడు పురావస్తు శాఖ తరఫున వచ్చిన జేమ్స్ బర్జెస్ చూసింది పెద్ద గొయ్యిని. కాపాడిన చేయే పాడూ చేసింది.

"ఆ కాలపు నీతి అంతే, నేటి నీతితో తూచకూడదు" అని కొందరంటారు. ఆ వాదనా నిలవదు. 1881లో ప్రాచీన కట్టడాల క్యూరేటర్‌గా నియమితుడైన హెన్రీ హార్డీ కోల్ ఆ రోజుల్లోనే అభ్యంతరం చెప్పాడు. అసలు శిల్పాలు పుట్టినచోటే ఉండాలి, మ్యూజియంలకు కావాలంటే అచ్చులు తీసి ఇవ్వండి అన్నాడు. ఆయన కూడా ఇంగ్లీషువాడే, సర్కారు ఉద్యోగే. అంటే ఈ నీతి అప్పుడూ తెలుసు. వినలేదు, అంతే.

ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియం 1963 నాటి చట్టాన్ని చూపిస్తుంది. సేకరణలోని వస్తువులను వదులుకోవడానికి ఆ చట్టం దాదాపు దారి ఇవ్వదు. కానీ చట్టం వేదం కాదు. చేసిన పార్లమెంటే మార్చుకోవచ్చు.

అయితే మనల్ని మనం అడుక్కోవలసినవీ ఉన్నాయి. టాటానగర్‌లో రైలెక్కితే కొన్ని గంటల్లో హౌరా. కలకత్తా ఇండియన్ మ్యూజియంలోనూ అమరావతి శిల్పాలున్నాయి. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఇంకా ఎక్కువ ఉన్నాయి. పుట్టినచోటికి చేరాలన్నదే సూత్రమైతే అది లండన్‌కు ఒకటి, చెన్నైకి ఒకటి కాకూడదు. చెన్నై ఊసెత్తకుండా లండన్ మీదే కేకలేస్తే అది సూత్రం కాదు, రోషం.

భద్రత సంగతి కూడా దాచిపెట్టకూడదు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధక్షేత్రం నుంచి దొంగలు ఎత్తుకుపోయిన సున్నపురాతి శిల్పం ఒకటి చేతులు మారి, 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ కొనుగోలుగా తేలింది. దొంగసొత్తని రుజువులు బయటపడ్డాక 2016లో ఆ సంస్థ దాన్ని భారత్‌కు తిరిగి ఇచ్చింది. తిరిగి ఇవ్వడం సాధ్యమేనని ఇది చూపిస్తుంది. మన కాపలా ఎంత బలహీనమో కూడా చూపిస్తుంది.

మరి ఈ రాళ్ళు ఎవరివి? జవాబు రాళ్ళమీదే కొంత ఉంది. స్తూపానికి పలకలు ఇచ్చినవాళ్ళు తమ పేర్లు ప్రాకృతంలో చెక్కించుకున్నారు. వాళ్ళలో వర్తకులున్నారు, గృహిణులున్నారు, భిక్షుణులున్నారు. విధికుడనే చర్మకారుడూ ఉన్నాడు. అతను ఇచ్చింది ఆ స్తూపానికి. జమీందారుకూ ఇవ్వలేదు, కంపెనీకీ ఇవ్వలేదు, తెలుగు జాతి గౌరవమని సభల్లో అరిచే మనకూ ఇవ్వలేదు. బుద్ధుడి మీద భక్తి నాకు లేదు. కానీ ఒక చెప్పులు కుట్టేవాడు రెండువేల ఏళ్ళనాడు తన పేరు చెక్కించుకున్న రాయి ఏ కట్టడంలో భాగమో ఆ చోటే చూస్తే, నాటి సమాజం గురించి ఎక్కువ తెలుస్తుంది. నా వాదన అంతవరకే.

అందుకే తిరిగి అడగాలనే అంటాను. లండన్‌నూ అడగాలి, చెన్నైనీ అడగాలి. ముందు అమరావతిలో గట్టి గోడలు, కాపలా, చదువుకున్న సిబ్బంది ఏర్పాటు చేసి అడగాలి. రాళ్ళు వచ్చాక పక్కన పెట్టే బోర్డు మీద ఇలియట్ పేరుతోపాటు వాసిరెడ్డివారి పేరు, సున్నపు బట్టీల సంగతి కూడా రాయాలి. అది రాయడానికి మనకు ధైర్యం లేకపోతే, ఎదుటివాడి తప్పు ఒప్పుకోమని అడిగే అర్హత మనకు సగం పోయినట్టే.