కొంగ - పీత కథ: మోసం, అత్యాశ, ప్రతీకారాల చారిత్రక పరిణామం

వ్యాససంగ్రహం:
చెరువు ఎండిపోతుందని చేపలను నమ్మించి ఒక్కొక్కదాన్నే తినివేసిన కొంగ, చివరికి పీత చేతిలో హతమైన కథ భారతీయ కథాసాహిత్యంలో ప్రాచీనమైనది. పాలీ జాతకం, పంచతంత్రం, హితోపదేశం, అరబ్బీ, ఫ్రెంచి రూపాలలో ఈ కథ పొందిన మార్పులను పరిశీలించి, కథాంతంలోని ప్రతీకారానికి ఆయా సమాజాలు ఇచ్చిన అర్థాన్ని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: జాతకం, పంచతంత్రం, బకవ్రతం, వంచన, ప్రతీకారం.

1. ఉపోద్ఘాతం:
తెలుగువారి వ్యవహారంలో 'కొంగజపం' అంటే కపట భక్తి. నీటి అంచున ఒంటికాలిపై కదలకుండా నిలిచిన కొంగను చూసిన అనుభవం నుంచి పుట్టిన మాట ఇది. ఈ భావన చాలా పాతది. మనుస్మృతి నాల్గవ అధ్యాయం పిల్లివ్రతం, కొంగవ్రతం పట్టినవారిని వంచకులుగా పేర్కొన్నది. 7వ శతాబ్దపు మామల్లపురం మహాశిల్పంలో ఎలుకల నడుమ తపస్సు చేస్తున్న పిల్లి ఉన్నది. అయితే సామెత, శిల్పం కపటాన్ని చూపి ఆగిపోతాయి. ఆ కపటానికి ఫలితమేమిటన్న ప్రశ్నకు సమాధానం చెప్పేది కథ. అంతర్జాతీయ కథాసూచికలో ఇది 231వ కథారూపం.

2. జాతకంలో కథ:
పాలీ జాతకాలలో 38వది బకజాతకం. వేసవిలో నీరు తగ్గిన చిన్న గుంట, దానికి దూరంగా తామరలు నిండిన పెద్ద కొలను, వాటి మధ్య కొంగ. ఇక్కడ కొంగ చెప్పిన మాటలో సగం నిజమే. గుంట నిజంగానే ఇంకిపోతున్నది, కొలను నిజంగానే ఉన్నది. లోకం పుట్టినప్పటినుంచి చేపల మేలు కోరిన కొంగ లేదని చేపలు మొదట శంకిస్తాయి. అప్పుడు కొంగ ఒక పెద్ద చేపను తీసుకుపోయి, కొలను చూపించి, క్షేమంగా తిరిగి తెస్తుంది. ఆ సాక్ష్యమే మిగిలినవాటికి మృత్యువయింది. నిజాన్ని ఎరగా వేసిన మోసం కనుకనే అది నమ్మదగినదయింది.

చేపలన్నీ అయిపోయిన తరువాత మిగిలింది పీత ఒక్కటే. తనను కొంగ పట్టుకోవడం కాదు, తానే కొంగ మెడ పట్టుకుంటానని అది షరతు పెడుతుంది. దారిలో చెట్టు కింద ఎముకల కుప్ప చూసి, కమ్మరి పట్టకారు వంటి డెక్కలు బిగిస్తుంది. కొలను గట్టుకు చేరిన తరువాతనే మెడ తుంచుతుంది. జేతవనంలో పాత గుడ్డలతో చీవరాలు కుట్టి తోటి భిక్షువులను మోసగించిన ఒకడిని, పల్లెకు చెందిన మరొకడు మోసగించిన సందర్భంలో బుద్ధుడు ఈ కథ చెప్పినట్లు జాతకం పేర్కొంటున్నది. బోధిసత్త్వుడు ఇందులో పీత కాదు, అంతా చూసిన వృక్షదేవత మాత్రమే. అంటే జాతకకర్త పీతను వీరునిగా నిలపలేదు. మోసానికి మోసమే ఎదురువచ్చిందని మాత్రమే సాక్షిగా చెప్పించాడు.

3. పంచతంత్ర, హితోపదేశాలలో మార్పులు:
పంచతంత్రం మొదటి తంత్రంలో కొంగ ముసలిది. వేట చేతకాక కన్నీరు కారుస్తూ, ఉపవాసం నటిస్తూ నిలబడుతుంది. జాతకంలో కనబడని తపోవేషం ఇక్కడ చేరింది. రాబోయే ఆపద పాఠాన్నిబట్టి మారుతుంది. కొన్ని పాఠాలలో జాలరుల రాక, కొన్నింటిలో పన్నెండేళ్ళ అనావృష్టి. రెండవదానిలో కొంగ జ్యోతిషాన్ని కూడా తోడు తెచ్చుకుంటుంది. కంటికి కనబడే ఎండిన గుంట స్థానంలో శాస్త్రప్రామాణ్యం వచ్చింది.

ముగింపులోనూ పెద్ద మార్పు ఉన్నది. చెరువులో చేపలు ఇంకా మిగిలి ఉన్నాయి. పీత కొంగ మెడతో వెనుకకు వచ్చి జరిగినది వాటికి తెలుపుతుంది. జాతకంలో ఆత్మరక్షణగా ఉన్న చర్య ఇక్కడ సమూహానికి ఇచ్చిన సాక్ష్యంగా, న్యాయంగా మారింది.

కాని ఈ కథ చెప్పేవారెవరన్నది గమనించాలి. పాము పిల్లలను తింటున్నదని దుఃఖిస్తున్న కాకికి ఒక నక్క దీన్ని చెబుతుంది. ఆ కాకి కథను కరటకునికి చెప్పేది మరో నక్క, దమనకుడు. సింహానికి, ఎద్దుకు మధ్య స్నేహం చెడగొట్టేందుకు అతడు ఉపాయం పన్నుతున్నాడు. వంచకుడు నశించిన కథనే వంచనకు సమర్థనగా వాడుకున్నాడన్నమాట. నారాయణ పండితుడు హితోపదేశంలో ఇదే కథను సంధి ప్రకరణానికి తరలించి, అత్యాశకు దృష్టాంతంగా నిలిపాడు. కథ మారకుండానే స్థానం మారడంతో నీతి మారింది.

4. దేశాంతర యానం:
ఖుస్రో అనూషిర్వాన్ (531-579) కాలంలో బుర్జోయ్ పంచతంత్రాన్ని పహ్లవీలోకి తెచ్చాడు. 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా దానిని అరబ్బీలో 'కలీలా వ దిమ్నా'గా రచించాడు. కరటక దమనకుల పేర్లే ఆ గ్రంథానికి పేరయ్యాయి. బాలిద్వీపంలో ఈ కొంగ పురోహిత వేషంలో 'పెదండ బక'గా ప్రసిద్ధి పొందింది. 17వ శతాబ్దపు ఫ్రెంచి కవి లా ఫాంతేన్ కథలో కొంగకు బదులు నీటికాకి వచ్చింది. అందులో ప్రతీకారమే లేదు. చేపలు ఆహారమైపోతాయి, భక్షకులను నమ్మరాదన్న హెచ్చరిక మిగులుతుంది.

తెలుగులో 15వ శతాబ్దంలో దూబగుంట నారాయణకవి, తరువాత బైచరాజు వేంకటనాథకవి పంచతంత్రాన్ని పద్యకావ్యాలుగా రచించారు. 1853లో పరవస్తు చిన్నయసూరి 'నీతిచంద్రిక'తో మిత్రలాభ మిత్రభేదాలు పాఠశాల వచనంలోకి ప్రవేశించాయి. రాజనీతిగా పుట్టిన గ్రంథం ఆ విధంగా బాలనీతిగా స్థిరపడింది.

5. ముగింపు:
ఈ రూపాలన్నింటిలో మారనిది ఒక్కటే: ఆపదలో ఉన్నవారికి రక్షకునిగా కనిపించినవాడే భక్షకుడు. మారినది ప్రతీకారం. జాతకంలో అది కర్మఫలం, పంచతంత్రంలో ఉపాయానికి నిదర్శనం, హితోపదేశంలో అత్యాశకు శిక్ష, లా ఫాంతేన్‌లో శూన్యం. కనుక ఈ కథను 'చెడుకు చెడు' అన్న ఒక్క నీతికి కుదించడం చరిత్రకు తగదు. పీత గెలిచినది బలంతో కాదు, కొంగ మాట వింటూనే దాని మెడపై పట్టు వదలకపోవడం వల్ల. అయినా జాతకంలో ఆ గెలుపు ఒక్క చేపనైనా బ్రతికించలేదు. బాలలకు చెప్పేటప్పుడు మనం తరచు దాటవేస్తున్నది ఆ ఎముకల కుప్పనే.