అద్దె ఇంటికి వారసులెవరు?



ఉద్యోగి గాని, పెన్షనర్ గాని కాలంచేస్తే కుటుంబానికి ఫ్యామిలీ పెన్షన్ వస్తుందని మనందరికీ తెలుసు. సొంత ఇల్లుంటే అది వారసులకు వెళుతుంది. మరి ఉంటున్నది సర్కారు వారి అద్దె ఇల్లయితే? ఆ ఇంటి పెద్ద పోయిన తర్వాత లోపల ఉన్న భార్య, కూతురు, తమ్ముడు ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్న బ్రిటన్‌లో దాదాపు వందేళ్ళుగా నలుగుతున్నది. అక్కడి కథ మనబోటి వారికి కూడా ఒక పాఠం గనుక నాకు తెలిసినంత వ్రాస్తున్నాను.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మగవాళ్ళు యుద్ధానికి వెళ్ళగా, గ్లాస్గో నగరంలో ఇంటి యజమానులు అద్దెలు పెంచారు. 1915లో మేరీ బార్బర్ అనే గృహిణి వంటి వారి నాయకత్వంలో ఆడవాళ్ళు అద్దె కట్టడం మానివేశారు. ప్రభుత్వం దిగివచ్చి ఆ ఏడాదే అద్దెలకు కళ్ళెం వేస్తూ చట్టం చేసింది. 1920 నాటి చట్టం ఇంకొక అడుగు వేసి, ప్రైవేటు ఇంట్లో అద్దెకున్న మనిషి పోతే, ఆయనతో కలిసి ఉన్న భార్యకు రక్షణ కల్పించింది. ఈ మధ్యలో, 1919లో, మంత్రి క్రిస్టఫర్ అడిసన్ తెచ్చిన చట్టంతో కౌన్సిళ్ళు, అంటే మన మునిసిపాలిటీల వంటి స్థానిక సంస్థలు, ప్రభుత్వ సాయంతో పెద్దఎత్తున ఇళ్ళు కట్టి అద్దెకివ్వసాగాయి.

విచిత్రమేమంటే, ప్రైవేటు యజమానులకు వర్తించిన ఆ రక్షణ కౌన్సిల్ ఇళ్ళకు వర్తించలేదు. ప్రజల సంస్థ ప్రజలకు అన్యాయం చేయదులే అన్న నమ్మకం కాబోలు. చాలాచోట్ల కౌన్సిళ్ళు దయతోనే నడుచుకున్నాయి. కాని దయ వేరు, హక్కు వేరు. దయ ఆఫీసరు మారితే మారుతుంది. హక్కు మారదు.

ఆ హక్కు 1980 హౌసింగ్ చట్టంతో వచ్చింది. అద్దెదారు మరణిస్తే, ఆ ఇంట్లోనే కాపురమున్న భార్యకు లేదా భర్తకు ఇల్లు సంక్రమిస్తుంది. వారు లేకపోతే, మరణానికి ముందు 12 నెలలు అద్దెదారుతో కలిసి ఉన్న కుటుంబసభ్యునికి వస్తుంది. కుటుంబం అనే మాటకు అర్థం కూడా విశాలంగానే పెట్టారు. తల్లిదండ్రులు, పిల్లలు, మనుమలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, మేనమామలు, మేనకోడళ్ళు అందరూ అందులోకి వస్తారు. అయితే ఈ సంక్రమణ ఒక్కసారే. తండ్రి తర్వాత తల్లికి వస్తే, తల్లి తర్వాత కొడుకుకు హక్కుగా రాదు.

ఇక్కడ రెండో పక్షం వాదన కూడా వినాలి. ఇంటికోసం దరఖాస్తు పెట్టుకుని ఏళ్ళతరబడి ఎదురుచూసే పేదలు వేలల్లో ఉంటారు. ఒక్క మనిషికి మూడు పడకగదుల ఇల్లు వంశపారంపర్యంగా పోతే వారి గతేమిటి? అందుకే భార్య లేక భర్త కాక మరొకరు వారసులైనప్పుడు, ఇల్లు వారి అవసరానికి మించి పెద్దదైతే, తగిన చిన్న ఇల్లు చూపించి మార్చమని కౌన్సిల్ కోర్టును కోరవచ్చు. అప్పుడు కోర్టు వారసుని వయసు, ఆ ఇంట్లో ఎన్నేళ్ళున్నాడన్నది, పోయినవారికి డబ్బుతో గాని, సేవతో గాని ఎంత ఆసరాగా నిలిచాడన్నది కూడా చూడాలి. ముసలితల్లికి చేసిన చాకిరీని చట్టం లెక్కలోకి తీసుకున్నదని చదివినప్పుడు నాకు ఎంతో తృప్తి కలిగింది.

ఆ తృప్తి ఎక్కువసేపు నిలవలేదు. 2011 నాటి లోకలిజం చట్టం ప్రకారం, ఇంగ్లండులో 2012 ఏప్రిల్ 1 నుంచి ఇచ్చిన కొత్త అద్దె ఇళ్ళలో భార్యాభర్తలకు, అలా కలిసి జీవించేవారికి మాత్రమే హక్కు మిగిలింది. మిగతావారికి అద్దె ఒప్పందంలో ప్రత్యేకంగా వ్రాసి ఉంటేనే వస్తుంది. పెళ్ళి మానుకుని పదేళ్ళు తల్లి మంచం పక్కన కూర్చున్న కూతురైనా సరే, ఒప్పందంలో ఆ ఒక్క వాక్యం లేకపోతే ఇల్లు ఖాళీ చేయవలసి రావచ్చు.

స్కాట్లండు దారి వేరు. అక్కడ 2001 చట్టం, తన ఇల్లు వదులుకుని వచ్చి రోగికి సేవచేసిన మనిషిని కూడా వారసునిగా గుర్తించింది. రెండుసార్లు సంక్రమణకు వీలిచ్చింది. కాని 2019 నవంబరు 1 నుంచి ఒక షరతు కలిసింది. భార్యాభర్తలు కాక మిగిలిన కుటుంబసభ్యులు, సేవచేసేవారు 12 నెలలు ఆ ఇంట్లో ఉండాలి. ఫలానావారు మా ఇంట్లో ఉంటున్నారని ఇంటి యజమాని సంస్థకు తెలిపిన నాటి నుంచే ఆ 12 నెలలు లెక్క. ఇరవై ఏళ్ళు ఉన్నా, కాగితం ఇవ్వకపోతే ఉన్నట్టు కాదు.

మన రాష్ట్రంలో 1960లో చేసిన అద్దె నియంత్రణ చట్టంలోనూ, అద్దెదారు పోయేవరకు అదే ఇంట్లో కుటుంబసభ్యులుగా కలిసి ఉన్న భార్య లేక భర్త, కొడుకు, కూతురు అద్దెదారులేనని నిర్వచించారు. ఏ దేశమైనా ప్రశ్నలు రెండే. కుటుంబం అంటే ఎవరు? కలిసి ఉన్నారనడానికి రుజువేమిటి?

నేను సర్వీసులో ఉండగా ఒక అటెండరు భార్య ఫ్యామిలీ పెన్షన్ ఫైలు నా టేబుల్ మీదికి వచ్చింది. సర్వీసు రిజిస్టరులో ఆమె పేరు ఒకటి, రేషన్ కార్డులో మరొకటి. ఇద్దరూ ఒకరేనని మా సెక్షన్‌లో అందరికీ తెలుసు. అయినా కొర్రీ వ్రాసింది నేనే. రూల్ అది. ఆమె పదకొండు నెలలు తిరిగింది. ఆయన బతికుండగా ఒక్క అర్జీ పెట్టి ఉంటే ఒక్కరోజు పని.

కావున మిత్రులారా, ఇంట్లో మనకు అన్నం పెడుతున్నదెవరో, రాత్రిపూట లేచి మంచినీళ్ళు ఇస్తున్నదెవరో మనకు తెలుసు. ఆఫీసుకు తెలియదు. మనం ఉండగానే ఆ పేరు కాగితం మీదికి ఎక్కించడం మన బాధ్యత. ఈ సంచిక చదవడం పూర్తికాగానే మీ పెన్షన్ పుస్తకం తీసి, అందులోని పేర్లు ఒక్కసారి సరిచూసుకోండి.